అనూరుని సారథ్యము – చంద్రుని కొలువు
(గ్రంథాలయ రజతోత్సవముల రెండవనాటి సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. ఏ గురువునొద్దను కావ్యపాఠము చెప్పించుకొన్నవాడను గాను. మా తాతగారు పట్వారీ. పట్వారీగిరి పోయిన పిదప గూడ మా యింట లెక్కల పుస్తకము మాత్రము పోలేదు. పాలకేంద్రపు లెక్కలు, సహకార సంఘపు లెక్కలు, ఈ గ్రంథాలయపు జమాఖర్చులు వ్రాయుచు ముప్పది యేండ్లు గడపితిని. పగలు అంకెలు, రాత్రి భారతము. ఇంతియే నా చదువు. ఆ భారతము గూడ ఈ గ్రంథాలయపు బీరువాలోనిదే. కావున నా మాటలలో లోపములున్నచో ఆ నేరము నాది, గుణములున్నచో ఆ పుణ్యము ఈ బీరువాది.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసిన కథను నిన్నటి సభలో విజ్ఞులు సవిస్తరముగా చెప్పిరి. నాకు కార్యవర్గమువారు “భారతమునందలి నీతులు” అను విషయము నొసగిరి. అది సముద్రము. నేను నా దోసిలికి పట్టినంత మాత్రమే తెచ్చితిని. వ్యాధితోనో, అంగవైకల్యముతోనో బ్రతుకువానికి పని దొరకుట యెట్లు, దొరకిన పని నిలుచుట యెట్లు అనునదియే ఆ దోసెడు నీరు.

ఉత్సవవేళ ఈ ప్రసక్తి యేలయని కొందరికి తోచవచ్చును. కారణము చెప్పెదను. మన గ్రంథపాలకులు వృద్ధులై ఈ సంవత్సరము విరమించుచున్నారు. వారి స్థానమునకు వచ్చిన దరఖాస్తులలో నొకటి మూత్రపిండముల వ్యాధితో వారమునకు మూడుదినములు డయాలిసిస్‌కు పోవు యువకునిది. దానిని చదివినపుడు కార్యవర్గములో నొకరు “పాపము, విశ్రాంతి తీసికొననిండు” అనిరి. వారు కఠినులు గారు, దయగలవారు. అయినను ఆ “పాపము” అను మాట నన్ను పదిదినములు వెంటాడినది. మన తెలుగున జాలికిని, దుష్కృతమునకును ఒక్కటే మాట. జాలితో మొదలిడి దుష్కృతమున ముగియు సందర్భములు లోకమున కొన్ని గలవు. ఇది యట్టిది కాకూడదని నా మనవి.

ముందుగా భారతమునకే పోవుదము. కద్రువకు వేయిమంది కొడుకులు కలుగగా వినత ఓర్వలేక, తన రెండండములలో నొకదానిని కాలము నిండకమునుపే చిదిపెను. అందుండి పైభాగము మాత్రమే యేర్పడి, తొడలు లేని బిడ్డ వెలువడెను. వాడే అనూరుడు. ఊరువులు లేనివాడు గనుక ఆ పేరు. ఆతడు తరువాత నేమయ్యెను? సూర్యునకు సారథి యయ్యెను. ఇక్కడ మనము నిలిచి ఆలోచింపవలెను. సారథికి కావలసినవేవి? పగ్గములు పట్టుటకు చేతులు, దారి నెరుగుటకు కన్నులు, గుర్రముల స్వభావము నెరుగు బుద్ధి. కాళ్ళతో పనిలేదు, రథము నడుచును, సారథి కూర్చుండును. ఆతనికా కొలువు దొరకుటలో దయ యొక్కింతయును లేదు. పనికి కావలసిన అవయవములును, మనిషికున్న అవయవములును సరితూగినవి, అంతే. లెక్కవ్రాయువాని భాషలో చెప్పవలెనన్న జమయు ఖర్చును సరిపోయినవి.

రెండవవాడు చంద్రుడు. దక్షుని యల్లుడైన చంద్రుడు ఒక్క రోహిణియందే యనురక్తుడై యుండగా, మామ కోపించి క్షయవ్యాధి కలుగునట్లు శపించెనని శల్యపర్వమున కథ. చంద్రుడు దినదినము క్షీణింపగా ఓషధులును క్షీణించెను, వానితో లోకమును క్షీణించెను. అప్పుడు దేవతలేమి చేసిరి? ఈ రోగిని తొలగించి వేరొక చంద్రుని నియమింపుడని యడుగలేదు. దక్షునొద్దకు పోయి శాపమును సవరింపుమని వేడిరి. అర్ధమాసము క్షీణించి అర్ధమాసము వృద్ధిపొందునట్లు ఏర్పాటు జరిగెను. ఆ యేర్పాటుపైననే నేటికిని మన తిథులు, పండుగలు, పంచాంగము నడచుచున్నవి. అమావాస్యనాడు చంద్రుడు కొలువునకు రాలేదని వానిని బర్తరఫు చేసినవారు లేరు. ఆ రాకపోవుటను గూడ ఒక తిథిగా లెక్క కట్టిరి.

ఈ రెండు కథలును రెండు వేరు విషయములను చెప్పుచున్నవి. అనూరుని లోపము నిలుకడగలది. నేడెట్లున్నదో రేపును అట్లే యుండును. వానికి తగిన పనియు, తగిన ఆసనమును ఒక్కసారి కుదిర్చిన చాలును. చంద్రుని వ్యాధి అట్టిది గాదు; ఒకనాడు పెరుగును, ఒకనాడు తరుగును. వానికి కావలసినది ఆసనము గాదు, కాలపు సర్దుబాటు. మనవారు అనూరుని చూచి జాలిపడుదురు. చంద్రుని చూచినచో, “నిన్న బాగుగనే యుంటివిగదా, నేడేమి వచ్చినది?” అని యనుమానపడుదురు. దీర్ఘవ్యాధిగలవాని కష్టమంతయు ఈ యనుమానమునందే కలదు.

ప్రాచీనులందరును కరుణామూర్తులని నేను చెప్పబోను. ధృతరాష్ట్రుడు పెద్దవాడయ్యు అంధుడగుటచే రాజ్యము పాండురాజునకు పోయెను. మనుస్మృతి అంధబధిరాదులకు దాయభాగము లేదనెను. గ్రాసవాసములు మాత్రము జీవితాంతము తప్పక యీయవలెననెను. అనగా తిండి యుండును, పాలు ఉండదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము వ్యాధిచేత గాని వైకల్యముచేత గాని ఎవనికిని వారసత్వము పోదని స్పష్టముగా చెప్పి ఆ భేదమును తుడిచివేసెను. ఆస్తివిషయమున తుడిచిపెట్టబడిన ఆ భేదము పనివిషయమున ఇంకను మన మనస్సులలో నిలిచియున్నది. మన రాష్ట్రమున వికలాంగుల ఆసరా పింఛను 2014లో 1,500 రూపాయలుగా మొదలై, 2019లో 3,016, 2023లో 4,016 అయ్యెను. ఇది గొప్ప మేలు. ఎన్నియో ఇండ్ల పొయ్యి దీనిచేత వెలుగుచున్నది. కాని పింఛను గ్రాసవాసము వంటిది; పని దాయభాగము వంటిది. మొదటిది ఇచ్చితిమిగదా యని రెండవదానికి తలుపు మూయుట న్యాయము గాదు.

అర్థశాస్త్రకర్త కౌటిల్యుడు దయకు పేరుగన్నవాడు గాడు. కాని పని యెరిగినవాడు. నూలు వడికించు అధ్యక్షుడు విధవలచేతను, అంగవైకల్యముగల స్త్రీలచేతను వడికింపవలెనని ఆతడు వ్రాసెను. ఇల్లు కదలని స్త్రీలకు దాసీల ద్వారా పని యింటికే పంపవలెననెను. పనికి ఒడబడిన కూలివాడు వ్యాధిచే అశక్తుడైనచో వానికి సడలింపు నీయవలెనని గాని, వాడు మరియొకనిచేత ఆ పనిని చేయించుటకు ఒప్పుకొనవలెనని గాని చెప్పెను. శుక్రనీతి రోగియైన భృత్యునకు పాదము తగ్గించియైనను జీతమీయవలెనన్నది. ఇంటికి పని పంపుట, బదులు మనిషిని ఒప్పుకొనుట, రోగదినములకు కొంత జీతమిచ్చుట — ఈ మూడును నేటి ఆఫీసులలో క్రొత్త సంగతులుగా చెప్పుకొనుచున్నారు. క్రొత్తవి గావు, మరచినవి.

ఇక నేటి చట్టమునకు వత్తును. 1995 నాటి వికలాంగుల చట్టము ఏడు వైకల్యములను గుర్తించి ప్రభుత్వోద్యోగములలో నూటికి మూడు పాళ్ళు కేటాయించెను. దాని స్థానమున 2016లో చేయబడి 2017 ఏప్రిల్ 19 నుండి అమలునకు వచ్చిన చట్టము 21 వైకల్యములను గుర్తించి, ఆ కేటాయింపును నాలుగు పాళ్ళు చేసెను. నూటికి 40 పాళ్ళు గాని అంతకు మించి గాని వైకల్యమున్నట్లు ధ్రువపత్రమున్నవారికి ఇది వర్తించును. కొలువులోనుండగా వైకల్యము కలిగిన ప్రభుత్వోద్యోగిని తొలగింపరాదు, హోదా తగ్గింపరాదు; వేరొక తగిన పని చూపవలెను, అదియు లేనిచో తగిన స్థానము ఏర్పడువరకు అదనపు స్థానము సృష్టించి యుంచవలెను.

ఇది కాగితముపై మాట మాత్రమే గాదు. మన రోడ్డు రవాణా సంస్థలో డ్రైవరుగా నున్న యొకనికి వర్ణాంధత్వమున్నదని తేలి కొలువు పోయెను. రంగులు గుర్తింపలేనివాడు బస్సు నడుపరాదనుట సరియే. కాని బస్సు నడుపుట తప్ప సంస్థలో వేరు పనియే లేదా యను ప్రశ్న సుప్రీం కోర్టు వరకు పోయెను. 2025 ఆగస్టు 1న న్యాయస్థానము ఆతనికి అదే జీతపు శ్రేణిలో వేరొక తగిన పని యీయవలెనని తీర్పుచెప్పెను. వేరు పని లేదనువారు వెదకి చూచి లేదని చూపవలెను గాని, వెదకకయే లేదనరాదని దీని సారము.

అయితే లెక్కవ్రాయువాడు జమ చెప్పి ఖర్చు దాచరాదు. ఈ చట్టమునకు హద్దులును గలవు. నాలుగు పాళ్ళ కేటాయింపు ప్రభుత్వ సంస్థలకే కట్టడి. ప్రైవేటు యజమానులు నూటికి ఐదుగురిని నియమించునట్లు ప్రభుత్వము ప్రోత్సహింపవలెనని మాత్రమే అందున్నది. మరియు తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధులు ఆ 21లో చేరినను, ఉద్యోగ కేటాయింపుల పట్టికలో వానికి పాలు లేదు. మూత్రపిండముల వ్యాధి, ఉబ్బసము, చక్కెర వ్యాధి, హృద్రోగము ఆ 21లో పేరుగా లేనేలేవు. చట్టము అనూరుని కనుగొన్నది. చంద్రుని సగమే కనుగొన్నది. మిగిలిన సగమును మనము, మనవంటి చిన్న సంస్థలవారము, పూరింపవలసియున్నది.

ఈ మాటలు మన ప్రాంతమున మరింత యవసరము. 2008 మార్చి 23 నుండి మన శంషాబాదున విమానములు దిగుచున్నవి. ఐదువేల యెకరములకు మించిన నేల ఆ విమానాశ్రయములో చేరినది. జొన్నలు, కూరగాయలు పండిన చోట నేడు గోదాములు, హోటళ్ళు, సరకుల కేంద్రములు లేచినవి. సేద్యమునకును ఈ కొలువులకును ఒక పెద్ద భేదమున్నది. సేద్యమున్న యింట కాలు లేనివానికి గూడ ఏదో యొక పని చిక్కెడిది: విత్తనము లేరుట, పిట్టలు తోలుట, పశువుల కాచుట, త్రాళ్ళు పేనుట. ఎవరును దరఖాస్తు అడుగలేదు, వైద్యపరీక్ష చేయలేదు. ఒంట్లో బాగులేనినాడు తమ్ముడు చేసెడివాడు. భూమి పోగా ఆ నిశ్శబ్దమైన ఏర్పాటంతయు భూమితోపాటే పోయినది. నష్టపరిహారపు పట్టికలో దానికి పద్దు లేదు.

క్రొత్త కొలువులకు మూడు గుణములు గలవు: ఎనిమిది గంటలు నిలుచుట, రాత్రి వంతులు, దూరపు రాకపోకలు. ఈ మూడును వ్యాధిగ్రస్తునకు మూడు గోడలు. కాని గోడలన్నియు రాతివి గావు, కొన్ని తడికలే. ఒక దృష్టాంతము చెప్పెదను. మా బంధువర్గములో నొక యువకునికి లారీ ప్రమాదమున ఎడమకాలు మోకాలి క్రింద పోయెను. కృత్రిమపాదము పెట్టించుకొని ఒక గోదామునకు పోగా, “నిలువలేవు, పో” అనిరి. ఏ పని యున్నదో, వాడేమి చేయగలడో అడుగలేదు. కొన్ని నెలలకు మరియొక గోదామున ఒక పర్యవేక్షకుడు పనిని విడదీసి చూచెను. మూటలు దింపుట ఒకటి, తూచుట రెండు, చీటీ అంటించుట మూడు, యంత్రముతో గుర్తు చదివించి కంప్యూటరులో నెక్కించుట నాలుగు. ఇందు మొదటిది వానికి కానిది. తక్కిన మూడును కూర్చుండి చేయదగినవి. ఎత్తైన స్టూలు ఒకటి వేయించిరి. వాడు నాలుగేండ్లుగా అక్కడనే యున్నాడు. యజమానికైన ఖర్చు ఒక స్టూలు. మేము లెక్కలలో మొత్తమును పద్దులుగా విడదీయుదుము. పనిని గూడ అట్లే విడదీసినచో, “ఈ ఉద్యోగము చేయలేడు” అనుమాట చాలచోట్ల “ఈ యొక్క పద్దు చేయలేడు” అనుమాటగా తగ్గును.

పనికి కావలసిన అవయవమును మాత్రమే చూడవలెననుటకు మన కన్నులయెదుట గొప్ప నిదర్శనములు గలవు. శ్రీ సూదిని జైపాల్‌రెడ్డిగారికి బాల్యముననే పోలియో సోకెను; చంకకర్రలతోనే నడచిరి. 1969 నుండి 1984 వరకు కల్వకుర్తి శాసనసభ్యులుగా, తరువాత పలుమార్లు పార్లమెంటు సభ్యులుగా, కేంద్రమంత్రిగా పనిచేసిరి. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ గౌరవము పొందిరి. 2009లో మన చేవెళ్ళ నియోజకవర్గమునుండియే లోక్‌సభకు ఎన్నికైరి. 2019 జూలైలో స్వర్గస్థులైరి. ఆ పనికి నాలుకయు బుద్ధియు కావలెను. ఓటర్లు కాళ్ళను లెక్కింపలేదు. సంగీతమున ద్వారం వెంకటస్వామినాయుడుగారు చూపు మందమైనవారు. 1919లో విజయనగర సంగీత కళాశాలలో వాయులీన ఆచార్యులైరి, 1936లో దాని యధ్యక్షులైరి. మన కాలమున బొల్లా శ్రీకాంత్‌గారు మచిలీపట్నము చెంత నొక పల్లెలో పుట్టుగ్రుడ్డిగా జన్మించి, ఇంటర్మీడియట్‌లో విజ్ఞానశాస్త్రము చదువుటకు అనుమతికై న్యాయస్థానము నెక్కి గెలిచి, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో చదివి, 2012లో హైదరాబాదున బొల్లాంట్ పరిశ్రమలను స్థాపించి, వికలాంగులకును కొలువులిచ్చుచున్నారు. పని యడిగినవాడు పని యిచ్చువాడైనాడు.

కాని యిట్టి మహనీయుల పేర్లు చెప్పి ఊరకుండుట నాకు తృప్తి గాదు. అందరును మంత్రులు, విద్వాంసులు కాజాలరు. సామాన్యునకు సామాన్యమైన కొలువు కావలెను. అసామాన్య ప్రతిభ లేనివానికి గూడ అన్నము తినుటకు హక్కు గలదు. ఆరోగ్యవంతుడు సాధారణముగా పనిచేసిన చాలునని, రోగి మాత్రము అద్భుతముగా చేసిననే నిలుపుకొందుమని అనుట రెండు తక్కెడలు వాడుట.

ఇపుడు దీర్ఘవ్యాధి సంగతి. ఇందులో నేను కొంత అనుభవము గలవాడను. ఇరువది యేండ్లుగా నాకు ఉబ్బసము. శీతకాలమున తెల్లవారుజామున ఊపిరి ఆడదు. పూర్వము ఒక ధాన్యపు మిల్లున గుమాస్తాగా నుండగా, దగ్గు విని బేరగాండ్రు జంకుచున్నారని నన్ను మానిపించిరి. నా లెక్కలలో పైసా తేడా యున్నదని మాత్రము వారనలేదు. తరువాత నేను కుదుర్చుకొన్న పద్ధతి చెప్పెదను, ఎవరికైన ఉపయోగపడునేమో.

మొదటిది, శుక్లపక్షమున కూడబెట్టుట. ఒంట్లో బాగున్న నెలలలో పనిని ముందునకు నడిపింతును. మార్చి నెలాఖరు లెక్కలకు కావలసిన పట్టికలను దసరాలోపుననే గీసియుంతును. చలిలో పదిదినములు పడినను పని పడదు. రెండవది, బదులు పుస్తకము. ఏ రసీదులెక్కడ గలవు, ఏ పద్దు ఎంతవరకు వచ్చినది, రేపు చేయవలసినదేమి యను సంగతులను ప్రతి సాయంకాలము ఒక చిన్న పుస్తకమున వ్రాసియుంతును. నేను రాలేనిదినమున మరియొకరు దానిని చూచి సాగింతురు. కౌటిల్యుడు చెప్పిన “మరియొకనిచేత చేయించుట” ఇదియే. తాను లేకున్న పని నడువకుండునట్లు చేసికొన్నవాడు తన కొలువు గట్టిపడినదనుకొనును. వ్యాధిగ్రస్తునకు మాత్రము ఆ గర్వము ప్రమాదము. మూడవది, యజమానికి రోగము పేరుకంటె కావలసిన ఏర్పాటును చెప్పుట. “నాకు ఉబ్బసము” అన్నచో వినువాడు భయపడును, తన మేనత్త ఉబ్బసపు కథ చెప్పును. “డిసెంబరు, జనవరి నెలలలో తొమ్మిదికి బదులు పదకొండింటికి వచ్చి రాత్రి ఎనిమిదివరకు కూర్చుందును” అన్నచో ఆలోచించును. అడిగినది చిన్నది, స్పష్టమైనది అయినపుడు కాదనుట కష్టము.

మా వీధిలో కుట్టుపని చేయు నొక సోదరికి కీళ్ళవాతము. ఉదయమున వ్రేళ్ళు బిగిసి యుండును, ప్రొద్దెక్కినకొలది సడలును. ఆ వ్యాధి స్వభావమే అట్టిది. ఆమె గంటల లెక్కన గాక రవికల లెక్కన కూలి యడిగి, పగలు పదకొండింటికి మొదలిడుచున్నది. వ్యాధి పోలేదు, పని నిలిచినది.

అయితే ఒక్క విషయమున దాపరికము కూడదు. మూర్ఛవ్యాధి గలవాడు వాహనము నడుపుట, ఎత్తున నిలిచి పనిచేయుట తనకును ఇతరులకును ముప్పు. అట్టిచోట ముందే చెప్పి వేరు పని కోరవలెను. అదే మనిషి కౌంటరువద్ద కూర్చుండి లెక్క చూచుటకు ఏ యడ్డియు లేదు. మరియొక సంగతి: చంద్రునికి పట్టినదని చెప్పు క్షయ నేడు సాధారణముగా ఆరు నెలల మందుతో నయమగుచున్నది. మందు పూర్తిగా వాడినవానిని ఇంకను వెలివేయుట పురాణముకంటె వెనుకబడుట.

కొలువులోనున్నవారు తమ హక్కులను గూడ తెలిసికొనవలెను. మన గోదాములలో, హోటళ్ళలో నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్నవారికి రాజ్యబీమా గలదు; వికలాంగులకా హద్దు 25,000. సామాన్యవ్యాధికి వైద్యుని పత్రముపై ఏడాదికి 91 దినములవరకు జీతములో నూటికి 70 పాళ్ళు లభించును. క్షయ, కాన్సరు మొదలైన 34 దీర్ఘవ్యాధులకు, రెండేండ్లు బీమాలోనున్నవారికి, 80 పాళ్ళ చొప్పున రెండేండ్లవరకును పొడిగించు వీలున్నది. బీమా వైద్యుని పత్రముతో రోగపుసెలవులోనున్న కార్మికుని ఆ కాలమున తొలగింపరాదని 1948 నాటి చట్టమే కట్టడి చేసినది. ఆ చట్టము 2025 నవంబరులో అమలునకు వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో లీనమైనను బీమా నిలిచియే యున్నది. మన యువకులలో పెక్కుమంది జీతపు చీటీలో బీమాకు కోతపడుటను చూతురు గాని, ఆ కోత దేనికో యెరుగరు. చెల్లించినదానిని వాడుకొనకుండుట లెక్కవ్రాయువాని దృష్టిలో అపరాధమే.

సహాయము చేయు సంస్థలును దూరముగా లేవు. హైదరాబాదున 1968లో వికలాంగుల వృత్తి పునరావాస కేంద్రము నెలకొల్పబడినది. నేడది జాతీయ ఉపాధి సేవా కేంద్రమను పేర నడచుచు, శక్తిని పరీక్షించి తగిన వృత్తి సూచించును. బుద్ధిమాంద్యముగలవారికై 1984లో సికింద్రాబాదు మనోవికాసనగరమున జాతీయసంస్థ వెలసినది. మన దారిలోనే శివరామపల్లి ప్రాంతమున, 1998లో స్థాపితమైన తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ రక్తమెక్కించు కేంద్రమును నడుపుచున్నది. తలసీమియా గలవారు రెండు మొదలు నాలుగు వారముల కొకసారి రక్తమెక్కించుకొనవలెను. ఆ యొక్కదినము సెలవు ముందుగనే తెలిసినది. పంచాంగమున అమావాస్యవలె గుర్తు పెట్టుకొనదగినది. ముందుగా తెలిసిన సెలవు ఏ యజమానికిని భారము గాదు.

కాగితముల విషయమున నాదొక హెచ్చరిక. సదరం శిబిరమున నిచ్చిన పత్రము, కేంద్రప్రభుత్వపు ప్రత్యేక గుర్తింపు కార్డు, వైద్యుల చీటీలు, జీతపు చీటీలు, సెలవు కోరిన లేఖల నకళ్ళు — ఇవన్నియు తేదీల వరుసలో ఒక్క సంచిలో నుంచుకొనవలెను. నోటిమాటగా సెలవు అడుగవలదు. వ్రాసి యడిగి, నకలుపై సంతకము తీసికొనవలెను. తగవు వచ్చిననాడు కన్నీరుకంటె కాగితము మేలు.

చివరగా మన గ్రంథాలయమునకు మూడు విన్నపములు. మొదటిది, మెట్లప్రక్కన ఒక వాలుదారి కట్టింపవలెను. చక్రాల కుర్చీలోనివాడు ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయమును బయటినుండియే చూచుచున్నాడు. రెండవది, వారమునకొక సాయంకాలము దరఖాస్తుల దినముగా నేర్పరచి, ఉద్యోగ ప్రకటనలు చదివి వినిపించుటకును, పత్రములు పూరించుటకును ఒక బల్ల వేయవలెను. ఆ బల్లయొద్ద ఊపిరియున్నన్నాళ్ళు కూర్చుండుటకు నేను సిద్ధముగా నున్నాను. చలికాలమున మాత్రము కొంచెము ప్రొద్దుగలిగి వత్తును.

మూడవది, గ్రంథపాలకుని నియామకము. ఆ యువకునికే యిండని నేను కోరను. అట్లు కోరుట మరల జాలియే యగును. పనిని పద్దులుగా విడదీయుడు. గ్రంథాలయము తెరచునది సాయంకాలము నాలుగు మొదలు ఎనిమిదివరకు. ఆతని డయాలిసిస్ ఉదయపువేళ. అలసటగా నుండు దినములకు బదులు మనిషిని, బదులు పుస్తకమును ఏర్పరుపవచ్చును. బరువైన కట్టలు ఎత్తుట ఒక్కటి వేరొకరికి అప్పగింపవచ్చును. తక్కినది పుస్తకములను ఎరిగియుండుట, పట్టిక వ్రాయుట, పిల్లలను ఓర్పుతో పలుకరించుట. ఈ మూటియందు దరఖాస్తుదారులందరిని ఒక్కతీరున పరీక్షింపుడు. ఎవడు మిన్నయో వానికిండు. ఆతడు ఓడిపోయినచో పుస్తకములయొద్ద ఓడిపోవలెను గాని, వైద్యుని చీటీయొద్ద గాదు.

నలమహారాజు కర్కోటకుని కాటుచే వికృతరూపుడై, బాహుకుడను పేర ఋతుపర్ణునొద్ద కొలువడిగినపుడు, ఆ రాజు రూపమును చూడలేదు, “నీవేమి యెరుగుదువు?” అని చూచెను. అశ్వవిద్య యెరిగినవాని నిలుపుకొనెను. దానివలన అక్షవిద్యకు బదులుగా తానును అశ్వవిద్యను పొంది లాభపడెను. మన కార్యవర్గమువారును ఋతుపర్ణునివలె అడుగుదురుగాక. ఈ రజతోత్సవ గ్రంథాలయము స్వర్ణోత్సవమును జరుపుకొనునాటికి, దాని తలుపులు అనూరునికి వెడల్పుగాను, దాని కాలపట్టిక చంద్రునికి అనువుగాను ఉండుగాక యని కోరుచున్నాను.